రోగశయ్యపై విశ్వాసి: ముదిరిన క్యాన్సరుతో జీవిస్తున్న వారి గురించి

 



జుమా నాడు మిహ్రాబు దగ్గరకు చీటీలు వస్తుంటాయి. ఫలానా వారికి షిఫా కలగాలని దుఆ చేయండి అన్నది వాటి సారాంశం. ఆ చీటీలలో క్యాన్సర్ అన్న మాట నేడు తరచుగా కనిపిస్తున్నది. మన పెద్దలు రాచపుండు అని పిలిచినది, అరబీ ఉర్దూ భాషలలో సర్తాన్ అన్నది ఈ వ్యాధినే. సర్తాన్ అంటే పీత. వేయి సంవత్సరాల క్రితమే ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో దీనిని గురించి వ్రాశాడు. కనుక ఇది కొత్తగా మనపై పడిన జబ్బు కాదు.

చీటీ ఇచ్చిన వారిని పక్కకు పిలిచి రెండు నిమిషాలు మాట్లాడితే, దుఆతో పాటు వారి మనసులో కొన్ని ప్రశ్నలు కూడా ఉన్నాయని తెలుస్తుంది. పొట్టకు సంచీ అమర్చారు, నమాజు చెల్లుతుందా? నొప్పికి మార్ఫిన్ ఇస్తున్నారు, అది మత్తు కదా? ఇక మందు పనిచేయదని డాక్టరు చెప్పిన తరువాత కూడా కీమో పెట్టించకపోతే పాపమా? నేనేం పాపం చేశానని నాకీ శిక్ష? ఈ ప్రశ్నలకు సమాధానం దొరకక నమాజును వదిలివేసిన వారూ ఉన్నారు, నొప్పిని పళ్ళ బిగువున భరిస్తున్న వారూ ఉన్నారు. అందుచేత నేటి ప్రసంగాన్ని వారి కోసమే కేటాయిస్తున్నాము.

మన యానాం వారికి ఈ వ్యాధిలో ఇంకొక కష్టం కూడా తోడవుతుంది. అదే దూరం. గౌతమి ఒడ్డున, నాలుగు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉండగా, మన ప్రభుత్వం మాత్రం పుదుచ్చేరిలో ఉన్నది. పెద్ద వైద్యం కోసం జిప్‌మర్‌కు వెళ్ళాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. 2024 ఫిబ్రవరి 25న మన ఊళ్ళోనే జిప్‌మర్ వారి 90 పడకల విభాగం ప్రారంభమైంది. అది మేలే. అయినా ఈ వ్యాధి కోసం రాజమహేంద్రవరానికో, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాదుకో పరుగులు తీస్తున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. కీమో పెట్టించుకుని, వాంతులతో, వాహనం వెనుక సీటులో పడుకుని ఇంటికి చేరే మనిషికి మనం చెప్పే మసలా సులువుగా అర్థం కావాలి, సరైనదీ కావాలి.

మొదట చివరి ప్రశ్ననే తీసుకుందాము. వ్యాధి పాపానికి శిక్షేనా? మానవులందరిలో తీవ్రంగా పరీక్షించబడేది ప్రవక్తలేనని, ఆ తరువాత వారికి దగ్గరివారని మహాప్రవక్త (సఅసం) తెలియజేసినట్లు తిర్మిజీలో హజ్రత్ సఅద్ (రజి) ఉల్లేఖనం ఉన్నది. స్వయంగా ఆయన (సఅసం)కు జ్వరం వచ్చినప్పుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) చేయి వేసి చూసి ఆశ్చర్యపోయారు. ఇద్దరు మనుషులకు వచ్చేటంత జ్వరం తనకు వస్తుందని ఆయన (సఅసం) వారికి తెలిపారు. ఇక మంచంమీద ఉన్నవారి దగ్గర కూర్చుని, ‘చుట్ట మానమని చెప్పాము, వినలేదు’ అని వాపోవడం ఏ విధమైన పరామర్శ? చుట్ట, పొగాకు, గుట్కా హానికరమన్నది నిజమే. ఆ మాట ఆరోగ్యంగా ఉన్న కొడుకుకు చెప్పవలసినది. నోటి పుండుతో మాట్లాడలేని తండ్రికి చెప్పి ప్రయోజనం లేదు.

నొప్పి అని అంటే సబ్ర్ పోతుందని కొందరు భయపడతారు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తనకు బాధ కలిగిందని తన ప్రభువుకు మొరపెట్టుకున్న సంగతి సూరా అంబియాలో ఉన్నది. అదే అయ్యూబ్‌ను సూరా సాద్‌లో అల్లాహ్ సహనశీలునిగా ప్రశంసించాడు. మొర వినబడింది, సహనశీలుడన్న బిరుదూ నిలిచింది. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దుఃఖంతో కన్నుల చూపే కోల్పోయారు. అయినా తన వేదనను అల్లాహ్‌కే విన్నవించుకుంటున్నానని తన కుమారులతో చెప్పారు. ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ బుఖారీలో ఉన్నది. హజ్రత్ ఆయిషా (రజి) ఒకనాడు తలనొప్పితో ‘అబ్బా, నా తల’ అన్నారు. దానికి దైవప్రవక్త (సఅసం) మందలించలేదు, తన తల కూడా నొప్పిగానే ఉన్నదని బదులు చెప్పారు. అల్లాహ్ నిర్ణయంపై కోపగించుకోవడం వేరు, డాక్టరుకో, భార్యకో, కూతురికో నొప్పి ఫలానా చోట ఉన్నదని చెప్పుకోవడం వేరు. నొప్పి ఎంతో చెప్పకపోతే వైద్యుడు మందు ఎలా నిర్ణయిస్తాడు?

ఇక నమాజు సంగతి. మన ఫిఖహ్ గ్రంథాలలో రోగి నమాజు అధ్యాయానికి మూలాధారమైన హదీసును అందించినవారు హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి). ఆయన స్వయంగా రోగి. హిజ్రీ 7వ సంవత్సరంలో ఇస్లాం స్వీకరించి, తరువాత బస్రాలో స్థిరపడి, హిజ్రీ 52లో అక్కడే మరణించారు. ఆయనకు మూలవ్యాధి ఉండేది. ఆపైన ఉదర వ్యాధితో సుమారు 30 సంవత్సరాలు బాధపడ్డారని చరిత్రకారులు వ్రాశారు. తన జబ్బు సంగతి చెప్పుకుని నమాజు ఎలా చేయాలని ఆయన అడిగినప్పుడు, నిలబడి చేయమని, అది సాధ్యం కాకపోతే కూర్చుని, అదీ కాకపోతే ప్రక్కకు తిరిగి పడుకుని చేయమని ప్రవక్త (సఅసం) తెలియజేశారు. నొప్పి భరించలేక ఆయన వాతల చికిత్స కూడా చేయించుకున్నారు. దానివల్ల తమకు మేలు కలగలేదని ఆయనే దాపరికం లేకుండా చెప్పారు. వైద్యం చేయించుకుని, అది ఫలించక, మరింత నలిగిపోయిన మనిషి సహాబీలలోనే ఉన్నారన్న సంగతి మూడవ విడత కీమో కూడా పనిచేయలేదని రిపోర్టు చేత పట్టుకుని కూర్చున్న వారికి తెలియాలి.

పొట్టకు అమర్చిన సంచీలోకి మలం తనంతట తాను వస్తూ ఉంటుంది. మూత్రపు గొట్టం వేసిన వారికి చుక్క ఆగదు. కొన్ని గాయాల నుండి రసి, రక్తం కారుతూనే ఉంటాయి. ఇటువంటి వారిని హనఫీ ఫిఖహ్‌లో మాజూర్ అంటారు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసుకుని ఫర్జ్ నమాజు పూర్తి చేసుకునేంత వ్యవధి కూడా ఆ స్రావం ఆగకపోతే ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. ఆ తరువాత ప్రతి వేళలో ఒక్కసారైనా అది కనిపిస్తున్నంత వరకు అదే హుకుం కొనసాగుతుంది. ఆయన చేయవలసినది ఒక్కటే. ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ. ఆ వేళ ముగిసేవరకు ఆ స్రావం వలన వుజూ పోదు. ఫర్జ్, సున్నత్, నఫిల్, ఖుర్ఆన్ పారాయణం అన్నీ దానితోనే చేసుకోవచ్చు. ఈ నియమానికి ఆధారం ఆగని రక్తస్రావంతో బాధపడిన హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) సంఘటన. ఆమెను నమాజు మానమని ఆయన (సఅసం) చెప్పలేదు. సంచీని నమాజుకు ముందు వీలైతే ఖాళీ చేసుకోవాలి. వీలు కాకపోతే ఉన్నట్లుగానే నమాజు చేసుకోవాలి. శరీరానికి అతికించిన దానిని పీకివేసి ఐదుసార్లు కడగమని మన షరీఅత్ అడగడం లేదు. అలా చేస్తే చర్మం లేచిపోయి పుండు పడుతుంది.

కరెంటు పెట్టించుకునే వారి చర్మంపై గీతలు గీస్తారు. అవి చెరిగిపోకూడదు. అక్కడి చర్మం కాలినట్లు అవుతుంది. ఛాతీలోనో చేతిలోనో సూదిగొట్టం ఉన్నవారికి ఆ కట్టు తడవకూడదు. ఇటువంటప్పుడు బాగున్న అవయవాలను కడుక్కుని, నీరు హాని చేసే చోట తడిచేతితో కట్టుపై మసహ్ చేయాలి. మసహ్ కూడా హాని చేస్తుందని వైద్యుడు చెబితే ఆ భాగాన్ని వదలివేయాలి. నీరే మొత్తం మీద హాని అయితే తయమ్ముమ్ చేయాలి. కీమో తరువాత తెల్లరక్తకణాలు పడిపోయిన వారు తయమ్ముమ్‌కు పెరటి మట్టి వాడనవసరం లేదు. హనఫీ మతంలో దుమ్ము లేని శుభ్రమైన రాయి కూడా సరిపోతుంది. ఒక చిన్న రాతి పలకను కడిగి ఆరబెట్టి మంచం పక్కన పెట్టుకుంటే చాలు. నోరంతా పూసినవారు వుజూలో పుక్కిలించడాన్ని వదలివేసినా వుజూ నెరవేరుతుంది. కొన్ని మందుల వలన వేళ్ళు తిమ్మిరెక్కి వేడి తెలియదు. వుజూ నీటిని ముందు ఇంట్లో వేరొకరు చేయి పెట్టి చూడాలి. వారే నీరు పోయవచ్చు కూడా. హజ్రత్ ముగీరా (రజి) దైవప్రవక్త (సఅసం)కు వుజూ నీరు పోశారు.

ఈ సౌలభ్యాలను చిన్నచూపు చూసేవారికి అబూదావూద్‌లో హజ్రత్ జాబిర్ (రజి) చెప్పిన సంఘటనను గుర్తు చేయవలసి ఉన్నది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తరువాత ఆయనకు గుస్ల్ అవసరమైంది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగితే, నీరు ఉన్నది కనుక వీలు లేదన్నారు. ఆయన స్నానం చేశాడు, మరణించాడు. ఈ వార్త విన్న ప్రవక్త (సఅసం) తీవ్రంగా ఆగ్రహించారు. ఆ మరణానికి వారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు అడగడమే దానికి మందు అని బోధించారు. రోగికి మసలా చెప్పే ముందు, ఈ మాట చెబుతున్న నాతో సహా, ప్రతివాడూ ఆ గాయపడిన తలను తలచుకోవాలి.

రమజాను రోజాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సూరా బఖరా 184, 185 ఆయతులు రోగికి మినహాయింపు ఇచ్చాయి. కోలుకునే ఆశ ఉంటే తరువాత ఖజా చేయాలి. లేకపోతే ఒక్కొక్క రోజాకు ఒక ఫిత్రా మొత్తం చొప్పున ఫిద్‌యా చెల్లించాలి. తిరిగి శక్తి వస్తే మళ్ళీ ఖజాయే. జుమా కూడా రోగిపై విధి కాదు, ఇంటిలో జొహర్ చేసుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆచరణల పుణ్యం రోగికి యథాతథంగా వ్రాయబడుతుందని బుఖారీలో హజ్రత్ అబూ మూసా (రజి) ఉల్లేఖించారు. పాతికేళ్ళుగా మొదటి వరుసలో నిలబడిన మనిషి ఈ జుమాకు మంచంమీద ఉంటే, ఆ వరుసలో ఆయన చోటు అల్లాహ్ వద్ద ఖాళీ కాలేదన్న మాట.

నొప్పి విషయంలో మన ప్రసంగీకులు తరచు చెప్పే కథ ఒకటి ఉన్నది. హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మతుల్లాహి అలైహ్) ఖలీఫా వలీద్ కాలంలో దమస్కు వెళ్ళినప్పుడు కాలు కుళ్ళిపోయి, దానిని కోయవలసి వచ్చింది. మత్తు పానీయం ఇస్తామంటే నిరాకరించి, మెలకువతోనే కాలు కోయించుకున్నారు. అదే ప్రయాణంలో కుమారుణ్ణి కూడా పోగొట్టుకున్నారు. అయినా తనకు మిగిలిన అవయవాలకూ, మిగిలిన సంతానానికీ అల్లాహ్‌ను స్తుతించారు. అది మహోన్నతమైన స్థాయి. కానీ అది ఆయన ఎంపిక. దానిని షరీఅత్ చట్టంగా మార్చి, ఎముకల్లోకి వ్యాధి పాకి రాత్రంతా మూలుగుతున్న స్త్రీపై రుద్దే హక్కు మనకు లేదు. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయడని సూరా బఖరా చివరి ఆయత్ తెలుపుతున్నది.

మార్ఫిన్ విలాసానికి తీసుకునే మత్తు కాదు. క్యాన్సర్ నొప్పికి మెట్లవారీగా మందులు ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ప్రకటించింది. అందులో తీవ్రమైన నొప్పికి నోటితో తీసుకునే మార్ఫిన్ ముఖ్యమైనది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వలన ఆసుపత్రులు దానిని ఉంచడానికే జంకేవి. 2014లో ఆ చట్టాన్ని సవరించి వైద్య అవసరాలకు దారి సులభం చేశారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు, ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉన్నది. ఆ ఆసుపత్రికి ఉన్న పేరు 1955లో దానిని స్థాపించిన మెహదీ నవాజ్ జంగ్ గారిది. తరువాత 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరు అయినవారు ఆయనే. మన సముదాయానికి చెందిన ఒక పెద్దమనిషి ఇటువంటి సదకయె జారియా వదలి వెళ్ళారన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

వైద్యుడు అవసరమని నిర్ణయించి, చెప్పిన మోతాదులో ఇచ్చే నొప్పి మందును తీసుకోవడానికి ఉలమాలు అనుమతించారు. దానివలన మలబద్ధకం తప్పక వస్తుంది కనుక దానికి కూడా మందు అడిగి తీసుకోవాలి. మొదటి కొద్దిరోజులు మగత ఉండవచ్చు. మెలకువ వచ్చినప్పుడు తప్పిన నమాజును చేసుకుంటే సరి. తల కూడా కదిలించలేనంతగా శక్తి పోయి, ఆ స్థితి ఒక పగలు ఒక రాత్రి దాటితే ఆ నమాజుల భారం ఆ వ్యక్తిపై ఉండదు.

తవక్కుల్ పేరుతో వైద్యాన్ని మానడం, వైద్యం పేరుతో అల్లాహ్‌ను మరవడం, రెండూ మన మార్గం కావు. చికిత్స చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగినప్పుడు చేయించుకోమనే దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. వార్ధక్యానికి తప్ప ప్రతి వ్యాధికీ మందు ఉన్నదన్నారు. జమ్‌జమ్, తేనె, కలోంజీలను నమ్మకంతో తీసుకోండి. కానీ ఏమి తీసుకుంటున్నారో డాక్టరుకు చెప్పండి. కొన్ని మూలికలు, పసర్లు కీమో మందులతో కలిసి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కీమో తరువాతి రెండు వారాలలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తావీజు కోసం, తెల్లవారడం కోసం ఆగకూడదు. అది ప్రాణాపాయం, ఆ రాత్రే ఆసుపత్రికి చేరాలి. స్టేజీ నాలుగును గ్యారంటీగా తగ్గిస్తానని వేలకు వేలు అడిగేవాడు ఏ వేషంలో ఉన్నా, చివరకు మన వేషంలోనే ఉన్నా, వాడిని గడప దాటనీయకండి.

మరి ఇక ప్రయోజనం లేదని వైద్యులు తేల్చినప్పుడు? వ్యాధిని మార్చలేని, బాధను మాత్రం పెంచే చికిత్సను వద్దనడం ఆత్మహత్య కాదు. నయమవుతుందన్న నిశ్చయం లేని చికిత్సను ఫఖీహులు విధిగా చెప్పలేదు. ఇక్కడ దైవప్రవక్త (సఅసం) చివరి వ్యాధి నాటి సంఘటనను చూడండి. ఆయన నోటిలో పక్కనుండి మందు పోయబోతే వద్దని సైగ చేశారు. రోగికి మందంటే ఉండే అయిష్టమే అనుకుని ఇంటివారు పోసేశారు. తెప్పరిల్లిన తరువాత ఆయన (సఅసం), వద్దన్నాను కదా అని అడిగి, అక్కడ ఉన్న వారందరికీ అదే మందు పోయించారు. ఆ సమయంలో పాల్గొనని హజ్రత్ అబ్బాస్ (రజి)ను మాత్రం మినహాయించారు. రోగి ‘వద్దు’ను మనం ఎంత తేలికగా కొట్టివేస్తామో ఈ హదీసు చూపుతున్నది. రిపోర్టులో ఏముందో ఊరంతటికీ తెలుస్తుంది, మంచంమీద ఉన్న మనిషికి మాత్రం చెప్పరు. ఆయనకు తీర్చవలసిన అప్పులు ఉండవచ్చు, చెల్లించని మహర్ ఉండవచ్చు, క్షమాపణ అడగవలసిన తమ్ముడు ఉండవచ్చు.

అన్నం విషయంలోనూ అంతే. తినకపోతే నీరసిస్తావని ముద్ద మీద ముద్ద నోట్లో కుక్కుతారు. రోగులను తిండికి బలవంతపెట్టవద్దని తిర్మిజీలో హదీసు ఉన్నది. హజ్రత్ ఆయిషా (రజి) రోగులకు తల్‌బీనా అనే బార్లీ జావ చేయించేవారు. అది మనసుకు ఊరట అని చెప్పేవారు. మన ఇళ్ళలో పలుచని గంజి, రాగిజావ ఆ పని చేస్తాయి. రెండు చెంచాలు అయినా ఆయన అడిగినప్పుడు, ఆయనకు ఇష్టమైనది ఇవ్వాలి.

వసియ్యత్ మాట ఎత్తితే చావును పిలిచినట్లని భయపడేవారు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉదంతం వినాలి. హజ్జతుల్ విదా నాడు మక్కాలో ఆయన మరణం అంచున ఉన్నానని తలచారు. పరామర్శించడానికి వచ్చిన ప్రవక్త (సఅసం)తో తన ఆస్తి గురించి మాట్లాడారు. మూడవ వంతుకు మించి వసియ్యత్ చేయరాదన్న నియమం ఆ మంచం దగ్గరే మనకు లభించింది. ఆ తరువాత ఆయన దశాబ్దాలు బ్రతికారు.

డబ్బు గురించి కూడా చెప్పుకోవాలి. ఆసుపత్రి కార్డు ఉన్నా, వాహనం అద్దె, బస, తోడు వెళ్ళిన వారి కూలి నష్టం ఏ కార్డూ భరించదు. నిసాబు లేని, అప్పుల పాలైన రోగికి జకాత్ ఇవ్వవచ్చు. అయితే దానిని ఆయన చేతికి ఇవ్వాలి, లేదా ఆయన అనుమతితో ఆయన బాకీ తీర్చాలి. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు వారే బృందాలుగా ఏర్పడి, శిక్షణ పొంది, మంచాన పడిన వారి ఇళ్ళకు నర్సులతో పాటు వారం వారం వెళుతున్నారు. 1993లో కోళిక్కోడ్‌లో మొదలైన ఉపశమన వైద్య సంఘం ఆ పనికి బాట వేసింది. మన మొహల్లా అంత పెద్దది కాదు. అది మనకు సులువే. ఎవరి వంతు ఏ రోజో ఒక కాగితం మీద వ్రాసుకుంటే చాలు. వంతు అంటే కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పడం కాదు. నెలల తరబడి రాత్రి నిద్ర లేని ఆ ఇంటి ఇల్లాలిని రెండు గంటలు పడుకోనివ్వడం. జలుబు, దగ్గు ఉన్నవారు పరామర్శకు వెళ్ళరాదు. వెళ్ళినవారు త్వరగా లేవాలి. మీకు తెలిసిన వారు ఇదే జబ్బుతో ఎలా పోయారో అక్కడ వర్ణించకండి.

బాధ ఎక్కువై ‘నన్ను తీసుకుపోవయ్యా’ అని రోగి అంటే కసురుకోవద్దు. మరణాన్ని కోరవద్దని, తప్పనిసరి అనిపిస్తే, బ్రతుకు మేలైనంత వరకు బ్రతికించమని, మరణం మేలైనప్పుడు మరణం ఇవ్వమని వేడుకోవాలని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు బోధిస్తున్నది. ఆ దుఆను ఆయన పక్కన కూర్చుని ఆయనతో కలిసి చదవండి. అల్లాహ్ పట్ల మంచి ఆశతోనే కన్నుమూయాలని దైవప్రవక్త (సఅసం) తన మరణానికి మూడు దినాల ముందు చెప్పినట్లు హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. కనుక ఆ గదిలో నరకపు వర్ణనలు వద్దు. ఆయన చేసిన మంచి పనులను ఆయనకు గుర్తు చేయండి. చివరి ఘడియలలో పెదవులను తడిగుడ్డతో అద్దుతూ ఉండండి. కలిమాను ఆయనకు వినిపించేటట్లు మెల్లగా మీరు పలకండి. పలకమని ఒత్తిడి చేయవద్దు. ఒక్కసారి ఆయన పలికితే చాలు, మరొక మాట మాట్లాడితే తప్ప తిరిగి చెప్పనవసరం లేదు.

ఓ అల్లాహ్! ఈ ఊరిలో మంచంమీద ఉండి మా అజాన్ వింటున్న వారికి షిఫా ప్రసాదించు, వారి ఈ రాత్రి నొప్పిని తేలిక చేయి. వారికి సేవ చేస్తున్న చేతులకు బలం ఇవ్వు. ఆమీన్.